ఐర్లండులో వారశూల

మా ఇంటి మేడ మీద అద్దెకుండే అబ్బాయి, కొత్తగా పెండ్లయినవాడు, మొన్న ఆదివారం పొద్దున్నే భార్యను వెంటబెట్టుకుని కిందికి దిగి వచ్చి, తామిద్దరూ సెలవులకు ఐర్లండు పోతున్నామనీ, ఆ దేశం చూసి వచ్చిన మనిషి ఈ ఆదోనిలో తనకు తెలిసి నేనొక్కదాన్నేననీ, అక్కడ కారు అద్దెకు తీసుకోవడం మంచిదా, రోజుకొక దిక్కు పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేటట్లు ఏయే ఊర్లు పెట్టుకోవాల అనీ అడిగినాడు. సెల్లులో పటం తెరిచి నా ముందర పెట్టినాడు. ఆ పటం మీద కిలార్నీ అనే పేరు కనబడింది. ఉగ్గాని తింటారా నాయనా అని మాట మార్చి లోపలికి పోయి, పొయ్యి ముందర కాసేపు ఊరికే నిలబడినాను. వాళ్ళకు ఏమి చెప్పి పంపినానో సరిగ్గా గుర్తు లేదు గాని, చెప్పనిది మాత్రం మీకు చెప్తాను. నా ఈడు వాళ్ళయితే నవ్వరు, నవ్వినా తెలిసి నవ్వుతారు.

మా ఆయన ప్రభుత్వ బస్సు డ్రైవరు. పోయి రెండేండ్లయింది. ఆస్పరి దోవలో కొన్నేండ్లు, తరువాత రిటైరయ్యేదాకా ఎమ్మిగనూరు దోవలో తోలినాడు. పత్తి కాలంలో మార్కెట్టు యార్డుకు వచ్చే బండ్లు, ట్రాక్టర్లు రోడ్డంతా నిండిపోయి కోడిపిల్ల కూడా దూరే సందు లేని రోజుల్లో, ఎవరినీ తిట్టకుండా, హారను మీద చెయ్యి వెయ్యకుండా బస్సును బయట పడేసే మనిషని పేరు. ఆయన బస్సు కోసమని ముందు వచ్చిన బస్సును వదిలేసుకుని స్టాండులో కూచునే ముసలివాళ్ళుండేవారు. ఇప్పుడు చెప్పుకుంటే గొప్పలనుకుంటారు గాని, డ్రైవరు మొగం చూసి బస్సెక్కే కాలం ఒకటి ఉండేది, మనందరికీ తెలుసు.

మా ఆడబిడ్డ కూతురు ఆస్పరి నుంచి ఆదోని హైస్కూలుకు ఆ బస్సులోనే వచ్చేది. గేరు పక్కన ఇంజను మూత మీద గోనెపట్టా పరిచి దాని మీద కూచోబెట్టుకునేవాడు. ఆ వేడికి నిద్రపోయేదట, ఎక్కడ గుంత వచ్చినా మామ తనను లేపకుండానే దాటించేవాడట. ఈ మాట ఆ పిల్ల నర్సు చదువు చదివి, ఐర్లండులో లిమరిక్కు అనే ఊర్లో ఆస్పత్రిలో కుదురుకున్నాక కూడా వెయ్యిసార్లు చెప్పింది. పెండ్లి చేసుకోలేదు, చేసుకోమని మేమూ సతాయించలేదు. మామా అత్తా ఒక్కసారి రండి, మూడు రోజులు సెలవు పెట్టినాను, కారు అద్దెకు తీస్తాను, ఈ దేశమంతా మామ తోలాల, నేను పక్కన కూచోవాల అని ఫోనులో ఒకటే పోరు పెట్టింది. ఆమెకు అక్కడి లైసెన్సు ఉంది గాని, ఒకసారి పెద్ద రోడ్డు మీద లారీ ఒకటి రాసుకుంటూ పోయినప్పటి నుంచి స్టీరింగు ముట్టడానికే వణుకు. మామ వస్తాడు కదా అన్న ధైర్యంతోనే అంతా కుదిర్చింది.

ఆ పిల్లకు తెలియని సంగతి ఒకటుంది. అంతకు ఏడాది ముందర ఎమ్మిగనూరులో ఒక పెండ్లికి పోయి స్కూటరు మీద తిరిగి వస్తాంటే, ఎండ కూడా లేని పూట, మా ఆయనకు ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మి, బండి రోడ్డు దిగి కంపచెట్లలో పడింది. ముండ్లు గీసుకోవడం తప్ప ఇద్దరికీ ఏమీ కాలేదు. కర్నూలుకు పోయి చూపిస్తే, డాక్టరు అన్నీ పరీక్ష చేసి, ఇది మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు, రాకనూ పోవచ్చు, ఇంక ఏ బండీ తోలవద్దు అని తేల్చి చెప్పినాడు. స్కూటరు అమ్మేసి, మోకాళ్ళ నొప్పులని వీధిలో చెప్పుకున్నాడు. మేనకోడలికి మాత్రం చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె నర్సు, చెబితే సగం ప్రాణం తీసుకుంటుంది అని సాకు చెప్పినాడు గాని, అసలు సంగతి అది కాదు. ఆ పిల్ల కండ్లలో తాను ఇంకా ఆ డ్రైవరు సీట్లోనే కూచుని ఉండాల, అంతే.

నేను మాత్రం కక్కలేక మింగలేక విమానమెక్కినాను. అక్కడికి పోయినాక నేనుండగా తోలనిస్తానా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను గాని, కారు ఇచ్చే అంగట్లో ఆ ధైర్యమంతా జారిపోయింది. అక్కడి అమ్మాయి మా ఆయన లైసెన్సు తిప్పి తిప్పి చూసి ఏదో అడిగింది. చూపు సరిగ్గా ఉందా, మూర్ఛ, కళ్ళు తిరగడం లాంటివి ఏమన్నా ఉన్నాయా అంటోంది మామా అని పిల్ల తెలుగులో చెప్పి నవ్వింది, ఇదొక తమాషా ప్రశ్న అన్నట్లు. నేను నోరు తెరిచినాను. ఆయన నా వైపు చూసినాడు. కోపంగా చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో, బతిమాలుకున్నట్లు చూసినాడు. రాయి మాదిరి ఉన్నానని చెప్పమ్మా అన్నాడు. ఎందుకైనా మంచిదని పిల్ల తన పేరు కూడా రెండో డ్రైవరుగా రాయించింది. కారు తాళం ఆయన చేతిలో పెట్టినారు. మన మాదిరే వాళ్ళూ ఎడమ పక్కనే తోలుతారు కాబట్టి ఇంటిదాకా సులువుగానే తెచ్చినాడు. నేను వెనక సీట్లో రాఘవేంద్రస్వామిని తలుచుకుంటూ, ఆయన మెడ వైపే చూస్తూ వచ్చినాను.

ఇంటికొచ్చి పిల్ల తన ఏర్పాటు చెప్పింది. బుధవారం ఉత్తరాన గాల్వే. గురువారం దక్షిణాన కిలార్నీ, అక్కడ చెరువులూ కొండలూ. శుక్రవారం పడమరన సముద్రం ఒడ్డు కొండచరియలు. వింటాంటేనే నాకు లోపల ఏదో వెలిగింది. మా అత్తగారు, స్వర్గాన ఉన్న మహాతల్లి, ఊరికి బయలుదేరేవాళ్ళను గడప దగ్గర ఆపి వారశూల చూసి గాని పంపేది కాదు. సోమ శనివారాలు తూర్పుకు పోగూడదు, మంగళ బుధవారాలు ఉత్తరానికి పోగూడదు, గురువారం దక్షిణం, శుక్ర ఆదివారాలు పడమర. ఆమె బతికున్నన్నాళ్ళూ ఈ లెక్కలతో విసిగిపోయి, ఆమె పోయినాక ఒక్కనాడు కూడా పాటించని మనిషిని నేను. అట్లాంటిది పిల్ల పెట్టుకున్న మూడు పయనాలూ మూడు శూలలకు ఎదురుగా నిలబడినాయి. ఆమె దేవుడై నన్ను ఆదుకుంది అనుకున్నాను.

బుధవారం పొద్దున, శూలకు ఎదురు పోతే నేను కాలు బయట పెట్టను, మిమ్మల్నీ పెట్టనియ్యను అని సోఫాలో కూలబడినాను. పిల్ల బిత్తరపోయింది. "అత్తా, ఏ కాలంలో ఉండావు నువ్వు? ఈడ కూడా శూలేనా?" అని తగులుకుంది. దేశం మారితే దిక్కులు మారతాయా అని నేనూ తగ్గలేదు. ఆమె సెలవు ఒక రోజు నా మొండితనానికి బలైపోయింది, మొగం ముడుచుకుని వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. నేనెందుకు చేస్తున్నానో మా ఆయనకు మాత్రం తెలుసు, తెలుసని నాకూ తెలుసు. బయట సన్నని తుంపర పడుతాంటే, ఆ వానలోనే గుడ్డ తీసుకుని పోయి కారు అద్దాలు తుడిచినాడు. తుడిచి లోపలికి వచ్చి, కాసేపుండి, మళ్ళీ పోయి తుడిచినాడు.

సాయంత్రం ఆయన తన ఎత్తు వేసినాడు. శూల ఉన్న రోజు పోక తప్పకపోతే, ముందురోజే ప్రస్థానం పెట్టుకోవడం అని మనకొక దారి ఉంది కదా. మన గుడ్డ ఒకటి, అందులో కాసిని బియ్యం మూటగట్టి, ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తే పయనం ముందురోజే మొదలైనట్లు లెక్క. మా అత్తగారి కొడుకు కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా. తన తుండుగుడ్డలో దోసెడు బియ్యం కట్టి, పిల్లను తోడు తీసుకుని, పక్కింట్లో ఒంటరిగా ఉండే ఐరిష్ ముసలమ్మ దగ్గర పెట్టి వచ్చినాడు. దీన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో తెలియక, రేపు పొద్దున వచ్చి తీసుకుంటామని మాత్రం చెప్పినానని పిల్ల పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది నా బతుకు.

గురువారం పొద్దున ముసలమ్మే తలుపు తట్టింది. తుండుగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసి మడత పెట్టి ఒక చేతిలో, ఇంకో చేతిలో మూత పెట్టిన గిన్నె. బియ్యం తనకు కానుక, వచ్చి తీసుకుంటామన్నది గుడ్డను మాత్రమే అనుకుని, ఆ తల్లి రాత్రికి రాత్రి పాలూ చక్కెరా పోసి పాయసం కాచి తెచ్చింది. నాకు ప్రాణం లేచివచ్చింది. మూట విప్పినారు, బియ్యం ఉడికిపోయినాయి, ప్రస్థానం చెడింది, ఇంక పోయేదానికి లేదని గట్టిగా చెప్పినాను. మా ఆయన గిన్నె మూత తీసి, నిలబడే రెండు గరిటెలు తిన్నాడు. "పయనం ముందర పాయసం ఎదురొస్తే, ఇంతకంటే శకునం యాడుందే?" అన్నాడు. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను ఓడిపోయినాను.

ఆ దోవ పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. మనిషి తెలివిలో ఉన్నాడో లేదో తెలియాలంటే మాట్లాడించడం తప్ప నాకు వేరే దారి కనబడలేదు. ఆ గొర్రెల మూతులు నల్లగా ఎందుకుండాయి, ఈ పొలాలకు రాళ్ళ గోడలెందుకు కట్టినారు, మన ఆస్పరి వాళ్ళకు ఈ వానలో సగం పడితే ఎట్లుండు అని నోటికొచ్చిందల్లా అడిగినాను. ఆయన అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పినాడు. ముసలితనంలో ఎంత ముద్దుగా ఉండారో అని పిల్ల మురిసిపోయింది. నేను ఆయన మెడ మీది నుంచి కన్ను తీయలేదు. కానీ ఒక మాట ఒప్పుకోవాల, ఆయన తోలుతాంటే అందం. రిటైరయినాక వంగిపోయిన వీపు ఆ సీట్లో నిటారుగా నిలబడింది.

కిలార్నీ దాటి కొండల్లోకి పోయినాక దోవ సన్నగిల్లింది. ఇరుపక్కలా రాళ్ళ గోడలు, ఒక్క బండే పట్టే సందు. మలుపు తిరిగేసరికి ఎదురుగా యాత్రికుల బస్సు. ఆ బస్సు వెనక్కి పోయే వీలు లేదు. మా ఆయన ఏమాత్రం తడబడకుండా, అద్దంలో చూసుకుంటూ, ఆ వంకర దోవలో కారును వెనక్కి నడిపించుకుంటూ పోయి, ఒక పొలం గేటు ముందరి జాగాలో ఒదిగి నిలబెట్టినాడు. బస్సు మమ్మల్ని రాసుకున్నట్లే దాటింది. దాటేటప్పుడు ఆ డ్రైవరు స్టీరింగు మీది నుంచి వేలొకటి పైకెత్తినాడు, అది వాళ్ళ మర్యాదట. మా ఆయనా వేలెత్తినాడు. ఆయన మొగంలో ఆ సంతోషం నేను ఏండ్ల తరువాత చూసినాను.

బస్సు పోయింది. కారు కదల్లేదు. కొండలు చూస్తున్నాడనుకుని పిల్ల కూడా ఫోనులో బొమ్మలు తీసుకుంటా ఉంది. నేను అడిగినదానికి జవాబు రాలేదు. మళ్ళీ అడిగినాను. అప్పుడు ఆయన తాళం తిప్పి ఇంజను ఆపి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, "అద్దంలో చూస్తాంటే ఒక్క క్షణం అంతా నల్లగా అయిపోయిందమ్మా. ఇంగ నువ్వు తోలు" అన్నాడు.

పిల్ల మొదట నవ్వబోయి, ఆయన మొగం చూసి ఆగిపోయింది. మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది, ఆయనను కాదు, నన్ను. కంపచెట్ల దగ్గర నుంచి కర్నూలు డాక్టరుదాకా అన్నీ చెప్పినాను. చెప్పినంతసేపూ ఆయన కిటికీలోంచి గొర్రెలను చూస్తూ ఉన్నాడు. పిల్ల ఏడ్చింది. ముగ్గురమూ చచ్చి ఉంటే ఎవరికి మేలు అని తిట్టింది, ఆ తిట్టు మా ఇద్దరికీ దక్కాల్సిందే. తరువాత కండ్లు తుడుచుకుని, కారు దిగి ఇటు చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు తలుపు తెరిచి నిలబడింది. ఆయన దిగినాడు.

పిల్ల సీటు ముందుకు జరుపుకుని స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. నిదానంగా పో తల్లీ, మనల్ని ఎవరూ తరమడం లేదు అని ఒక్క మాట అన్నాడు, అంతే, ఇంటికి చేరేదాకా ఇట్లా తిప్పు అట్లా తిప్పు అని ఒక్కటి చెప్పలేదు. ఆమె పెద్ద రోడ్డు మీద కూడా తోలింది. శుక్రవారం పడమరకూ ఆమే తోలింది, శూల మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈనాటికీ ఆస్పత్రికి తానే కారు తోలుకుని పోతుంది. ఆదోనికి తిరిగి వచ్చినాక ఆయన వీధి వీధికీ చెప్పుకున్నాడు, నా మేనకోడలు నాకంటే బాగా తోలుతుంది, నాకు స్టీరింగు ముట్టే అవసరమే రాలేదు అని. నేను పక్కన నిలబడి అవునవును అన్నాను.

ఇప్పుడు నాకు ఎమ్మిగనూరు పోవాలంటే మేడ మీది అబ్బాయి ఫోనులో నొక్కితే గడప ముందరికి కారు వస్తుంది. ఎవరు తోలుతున్నారో చూడను, ఆ తోలే పిల్లోడూ నన్ను చూడడు, దిగినాక మొగం కూడా గుర్తుండదు. భయమూ లేదు, ఏ దిక్కుకు ఏ వారమైనా పోవచ్చు, హాయిగానే ఉందని చెప్పాల. కానీ ఆ గురువారం తిరుగు దోవ నన్ను వదలడం లేదు. జీవితంలో మొదటిసారి పక్క సీట్లో కూచున్న మా ఆయన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడి కాలితో ఉత్త నేలను తొక్కుతున్నాడు. అక్కడ బ్రేకు లేదు. ఆయన చేతుల్లోంచి ఆ స్టీరింగు తీసెయ్యి స్వామీ అని, కారు తాళం ఆయన చేతికి వచ్చినప్పటి నుంచి మొక్కుకున్నదాన్ని నేనే. ఆ కాలు చూసి, వెనక సీట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినదాన్నీ నేనే.