పద్యం కోసం ఆగిన నది

2022 ఎండాకాలం. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న కంపెనీలో గ్రాఫిక్స్ డెవలపర్‌గా పనిచేసేదాన్ని. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో బిల్డర్లకి ముందే కంప్యూటర్లో చూపించడం మా పని. దానికి రెండరింగ్ లైబ్రరీ వాడతాం. గోడ ఇక్కడ, దీపం అక్కడ అని మనం చెబితే, తెరమీద ఒక్కో చుక్కకీ ఏ రంగు పడాలో లెక్కగట్టి బొమ్మ గీసిపెట్టే కోడ్ అది.

ఒక మధ్యాహ్నం వీరయ్య గారని ప్రత్తిపాడు వైపు మిరప రైతు మా ఆఫీసుకొచ్చారు. పద్యనాటక సమాజం నడుపుతారు. రాజు వేషం ఆయనదే. కూడా వచ్చిన సన్నటి పెద్దాయన మస్తాన్ గారు, చీరాలలో ఉంటారు. ఆ సమాజానికి తెరలన్నీ ఆయన చేత్తో వేసినవే. రేకుల షెడ్డు కారి, చుట్టిపెట్టిన తెరలన్నీ తడిసి బూజు పట్టాయట. పెదకాకానిలో నాటక పోటీలకి నెల కూడా లేదు. అక్కడ స్టేజీ వెనక ఈసారి ఎల్.ఇ.డి. తెర పెడుతున్నారు.

"మళ్లీ వేద్దామంటే వీడికి చెయ్యి వణుకుతోందమ్మా. మీరు కంప్యూటర్లో వెయ్యాలి. ఎక్కడివో కోటలు తెచ్చి పెట్టొద్దు, మాకు మా తెరలే కావాలి" అన్నారు వీరయ్య గారు.

మిగిలినవి కొన్ని పాత ఫొటోలు. వాటిలోనూ సగం తెర వేషగాళ్ల వెనకే ఉండిపోయింది. అందుకని మస్తాన్ గారు చీరాల నుంచి బస్సెక్కి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఆయన చెప్పేవారు, నేను గీసేదాన్ని. రాజమహలు తొందరగానే అయింది. నదీతీరం దగ్గర ఆగాను.

"నదికి ఇంతింత కెరటాలేంటండీ?"

"నేను పుట్టింది వాడరేవులో, సముద్రం ఒడ్డున తల్లీ. నాకు తెలిసిన నీళ్లు అవే" అని నవ్వారు.

ఆ కెరటాలు అలాగే ఉంచాను. తర్వాత ఒక షేడర్ రాశాను. వెలుతురు, రంగు ఎక్కడెలా మారాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రామది. దాంతో నీళ్లు కదలడం మొదలుపెట్టాయి. మస్తాన్ గారు కుర్చీలోంచి లేచి మానిటర్ మీద అరచెయ్యి పెట్టారు.

"బతుకంతా కదుల్తున్నట్టు వెయ్యాలనే చూశానమ్మా. ఒక్కసారీ కదల్లేదు."

రిహార్సల్ వీరయ్య గారి ఊళ్లోనే, కమ్యూనిటీ హాల్లో. ప్రొజెక్టర్ పెట్టాం. ఆయన పద్యం ఎత్తుకున్నారు. హార్మోనియం ఆయనతో సహా అందరి కళ్లూ నీళ్లమీదే. సగం పద్యంలో వీరయ్య గారు ఆపేశారు.

"తీసెయ్యండమ్మా! వెనకాల నీళ్లట్లా ఊగుతుంటే నా పద్యం ఎవడు వింటాడు?"

"ఒరేయ్ వీరయ్యా, నువ్వు రాగం తీసినప్పుడు జనం టీకి పోవట్లేదేంట్రా?" అన్నారు మస్తాన్ గారు.

"నీ బొమ్మ చూడ్డానికి వస్తన్నారేంట్రా వాళ్లు?"

మస్తాన్ గారు బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయనే అన్నారు. "వాడన్నదీ నిజమేలే. తెర వెనక ఉండాల్సిందే. కానీ అది కదలడం చూశాక, మళ్లీ బిగుసుకుపోతే చూడలేను తల్లీ."

గుంటూరు బస్సులో దారిపొడుగునా అదే ఆలోచన. పద్యానికీ పద్యానికీ మధ్య హార్మోనియం మోగుతుంది. అప్పుడు రాజు ఊరికే నిలబడే ఉంటాడు. ఆ కాసేపే నది కదిలి, ఆయన గొంతెత్తగానే మెల్లగా సద్దుమణిగితే? కోడ్‌లో పెద్ద పనేం కాదు. కానీ ఎవరో ఒకరు కూర్చుని, సరిగ్గా సమయానికి మీట నొక్కాలి. నాకు ఆ పద్యాల్లో ఒక్కటీ రాదు.

"నేను నొక్కుతా. వాడి పద్యాలన్నీ నాకు నోటికొచ్చు" అన్నారు మస్తాన్ గారు, ఫోన్ చేసి చెప్పగానే.

వీరయ్య గారు చాలాసేపు నసిగి, "సరే, చూద్దాం" అన్నారు.

తీరా నొక్కిస్తే ఇంకో చిక్కు. వణికే వేలు ఒకసారికి రెండుసార్లు తగిలేది. నది ఆగినట్టే ఆగి మళ్లీ కదిలేది. మస్తాన్ గారు చేతిని ఒళ్లో దాచుకున్నారు. నేను రెండు లైన్లు మార్చాను. ఒకసారి నొక్కాక కాసేపు ఇంకేం తగిలినా పట్టించుకోవద్దని. దీన్ని మావాళ్లు డీబౌన్స్ అంటారు. ఆ తర్వాత వేలు ఎంత వణికినా నది ఆయన మాటే వింది.

పోటీ రోజు సాయంత్రానికి కూడా స్టేజీ పక్కన సెగలే. నా లాప్‌టాప్ కాగిపోయి ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి గీసే బొమ్మల లెక్క, పడిపోయింది. నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఏదో ఒకటి తీసెయ్యాలండీ. చంద్రుడు, దీపాలు, చెట్ల నీడలు..."

"అన్నీ తీసెయ్. నీళ్లుంచు" అన్నారు మస్తాన్ గారు.

తీసేశాను. నది మళ్లీ సాఫీగా పారింది.

చివరి పద్యం అవగానే జనంలోంచి "వన్స్ మోర్!" అని కేకలు. వీరయ్య గారు వెంటనే ఎత్తుకోలేదు. వెనక్కి తిరిగి, కదులుతున్న నదిని చూస్తూ నిలబడ్డారు. నా పక్కన మస్తాన్ గారు మీట నొక్కారు. కెరటాలు ఒక్కొక్కటే తగ్గి, నీళ్లు నిలిచేదాకా ఆగి, అప్పుడు వీరయ్య గారు జనం వైపు తిరిగి మళ్లీ పాడారు.

బహుమతి వేరే సమాజానికి వెళ్లింది. ఆ రెండరింగ్ లైబ్రరీ కూడా చాలా మారిపోయింది, అప్పటి కోడ్ ఇప్పుడు నడవదు. ఆ నాటకం దాకా నా బొమ్మ ఎంత వేగంగా కదిలితే నేనంత పనిమంతురాలినని అనుకునేదాన్ని. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా, దీని ముందు ఎవరు నిలబడతారు, దీన్ని ఎవరి చెయ్యి నడుపుతుంది అని ముందు అడుగుతాను. అది తెలిశాకే మొదటి లైను రాస్తాను.