నాజిల్ ముందు పెట్టిన చెయ్యి

మొన్న మల్కాజ్‌గిరిలో కారు బాగుచేయించడానికి వెళితే షెడ్డులోని డీజిల్ వాసన గొంతుకు పట్టుకుంది. మెకానిక్ చిన్న యంత్రం తగిలించి, మూడో ఇంజెక్టర్ పోయిందని తెర మీద చూపించాడు. దాన్నే మా ఇంట్లో నాజిల్ అనేవాళ్లం.

మెట్టుగూడలో నాయినా చిన్నాయనా కలిసి నాజిల్ షాపు నడిపేవారు. లారీ ఇంజిన్లోకి డీజిల్‌ను మంచులా చిమ్మే ఆ నాజిళ్లను విప్పి, కిరోసిన్ తట్టలో కడిగి, చేతిపంపుకు బిగించి, మీట నొక్కి చూడటం వాళ్ల పని. రైల్వే వర్క్‌షాపు సైరన్‌తో తెరుచుకునే ఆ రేకుల గదిలో ఎండాకాలం చెమటా కిరోసిన్ కలిసిన కంపు, ఆషాఢంలో తడిసిన గోనెపట్టాల కంపు, అమ్మ పంపిన పచ్చిపులుసులో కూడా డీజిల్ రుచి. పాత రాగి వాషర్లతో నేనూ చెల్లీ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఇదంతా తీపిగా చెప్పుకోవచ్చు. నేను చెప్పను. ఆ అన్నదమ్ములిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. నాయిన తుంపరను కాగితం మీద పట్టి మచ్చ చూసేవాడు. చిన్నాయన ఆ కాగితాన్ని వెక్కిరించి, జానెడు దూరంలో అరచేయి పెట్టి, తుంపర తాకిన తీరును బట్టి నాజిల్ బాగుందో లేదో చెప్పేసేవాడు. లారీవాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. నాయినకు అది గిట్టేది కాదు.

బోనాల ముందురోజు, నాయిన బాగుచేసి పంపిన లారీ ఒకటి నల్లపొగ కక్కుతూ తిరిగి వచ్చింది.

"నాజిల్ కారుతుందే అన్నా, మల్ల సూడు," అన్నాడు చిన్నాయన.

"ఏందిర, నాజిల్ విప్పకముందే నీ చెయ్యి చెప్పిందా? పెద్ద డాక్టర్‌వైనవ్!"

"నీ కాయితం కంటె నయమే."

నాయిన నాజిల్ విప్పి చేతిపంపుకు బిగించాడు. "గట్లయితే చెయ్యి మొనకు ఆనిచ్చి పెట్టు. దమ్ముంటే పెట్టు."

"పెట్టు చిన్న ఉస్తాద్, భయమా?" అని డ్రైవర్లు నవ్వారు.

ఆ నవ్వుకే చిన్నాయన అరచేతిని నాజిల్ మొనకు ఆనించాడు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుందని నాయినకు బాగా తెలుసు. తెలిసే మీట బలంగా నొక్కాడు.

చూపుడువేలి మొదట్లో ఆవగింజంత చుక్క. రక్తం లేదు.

"ఏం గాలే, జెర చురుక్కుమంది," అని చిన్నాయన చెయ్యి దులుపుకున్నాడు. "కారుతనే ఉంది, రాసిపెట్టుకో."

మర్నాడు వీధంతా డప్పులు మోగుతుంటే, మోచేతిదాకా ఉబ్బిన చేతిని పట్టుకుని ఆయన గోడకు తల బాదుకున్నాడు. ఆస్పత్రిలో చూపుడువేలూ మధ్యవేలూ తీసేశారు. ఆ పూట నాయిన మాంసం కూర మరోసారి వడ్డించమన్నాడు. నేను వడ్డించలేదు. చెంప పగిలింది.

ఇప్పుడు ఆ రేకుల గది లేదు, ఆ వరుసలో నాజిల్ షాపన్నదే లేదు, నాయినా లేడు. ఏ ఒక్కదాని మీదా నాకు బెంగ లేదు. మొన్న మల్కాజ్‌గిరి షెడ్డులో కారు తాళాలు ఇస్తూ యజమాని, మాది నాజిల్ పనివాళ్ల ఇల్లని విని, "ఆ చేతులే వేరు మేడం, గా హునర్, గా పనితనం మల్ల రాదు," అన్నాడు.

కాప్రాలో చిన్నాయన ఇల్లు ఎక్కడో చెప్పి, వెళ్లి ఆయనకు ఒకసారి షేక్‌హ్యాండ్ ఇచ్చి రమ్మన్నాను.