మోటారు దగ్గర కాపలా

మా నాయనకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. అందరూ తక్కెడ ముల్లు వైపు చూస్తుంటే ఆయన తూకం వేసేవాడి మోచేతి వైపు చూసేవాడు. ఎవరైనా ఊరికే పలకరిస్తే, వాళ్లు వెళ్లాక కాసేపు ఆలోచించేవాడు, ఎందుకు పలకరించారా అని. ఆ గుణం నాకూ వచ్చింది, అందుకు నేనేం సిగ్గుపడను. తిరుమలగిరి పక్కన మెట్ట ఊళ్లో, నిన్న బావిలో ఉన్న నీళ్లు ఇవాళ ఉంటాయో లేదో తెలియని చోట, ఎదుటివాళ్లను నమ్ముతూ పెరగడం ఎవరికి మాత్రం చేతనవుతుంది?

పదో తరగతి పాసయ్యాక సూర్యాపేటలో సర్కారు జూనియర్ కాలేజీకి పోతే నాకు ఒకేషనల్ కోర్సులో సీటు ఇచ్చారు. కాలిపోయిన కరెంటు మోటార్లకు మళ్లీ తీగ చుట్టడం నేర్పే కోర్సు. తొంభయ్యో దశకం మొదట్లో మాట. అలాంటి చదువొకటి ఉంటుందని మా ఊళ్లో ఎవరూ వినలేదు. పుస్తకాలు ఉంటాయా అని నాయన గుమాస్తాను అడిగాడు. ఉంటాయన్నాడు. పనిముట్లు ఉంటాయా అని అడిగాడు. అవీ ఉంటాయన్నాడు. నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"రెండూ ఉంటయంటున్నడంటే ఏదో ఉన్నది బిడ్డా. లెక్కల గ్రూపుల పెద్దోళ్ల పిల్లలకు జాగ కావాలె. మనోళ్లను గీడికి నూకుతున్నరు."

నాకూ అలాగే అనిపించింది. అయినా చేరాను. చేరకపోతే పత్తి ఏరాలి.

మాకు పని నేర్పే సారు కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. అంతకు ముందు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో మోటార్లు బాగుచేసేవాడట. మిల్లులు వదిలి ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? ఎల్లగొట్టి ఉంటారని నాయన తేల్చేశాడు. సారు మాకు కూడా "అండీ" తగిలించి మాట్లాడేవాడు. పుట్టి బుద్ధెరిగాక మమ్మల్ని అలా పిలిచినవాళ్లు లేరు. ఈ మర్యాద వెనక ఏం దాచాడోనని క్లాసంతా గుసగుసలాడుకున్నాం.

"మీ ఊళ్లో కాలిపోయిన మోటార్లుంటే తీసుకురండి. బోర్డు మీద బొమ్మలు గీస్తే చేతికి పని రాదండి" అని మొదటి రోజే చెప్పాడు.

ఒక్కరూ తేలేదు. మా వైపు రైతు తన మోటారును వైండింగ్ దుకాణంలో వదిలి రాడు. పక్కనే కాపలా కూర్చుంటాడు. సద్దిమూట విప్పేది అక్కడే, కునుకు తీసేది అక్కడే. కాస్త కన్ను మూస్తే మిస్త్రీ రాగి తీగ బదులు అల్యూమినియం తీగ చుట్టేస్తాడని భయం. అలా చుట్టగా కళ్లారా చూసినవాడు నాకైతే తగల్లేదు. అయినా కాపలా మానినవాడూ తగల్లేదు. అలాంటి వాళ్లు కాలేజీ పిల్లల చేతికి మోటారు ఇస్తారా? మూలన పడి ఉన్న పాత మోటారు ఒక్కటే మాకు దిక్కు. వంతులు వేసుకుని దానికే తీగ చుట్టేవాళ్లం, దాన్నే విప్పేవాళ్లం.

నాకు ఆ పని కుదిరింది. చుట్టు పక్కన చుట్టు ఒద్దికగా కూర్చుంటుంటే ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఇంత తేలిగ్గా వస్తోందంటే ఎక్కడో తప్పు చేస్తున్నానేమోనని మళ్లీ విప్పి చూసుకునేదాన్ని.

రెండో ఏడు, పత్తి కాయ పట్టే వేళకు మా బావి మోటారు కాలిపోయింది. బస్టాండు దారిలో ఉన్న వైండింగ్ దుకాణం ముందు అప్పటికే మోటార్లు బారులు తీరి ఉన్నాయి. వారం ఆగమన్నాడు మిస్త్రీ. చేను ఆగదు. ఇక చేసేది లేక నాయన మోటారును రిక్షాలో వేసుకుని కాలేజీకి వచ్చాడు.

"మీ సారు సేస్తడా?"

"నేను చేస్త నాయినా."

నన్ను ఎగాదిగా చూశాడు. "సరే. గని ఇది నడిస్తెనే నీ సదువు నడుస్తది. మళ్ల కాలిందంటే తెల్లారి నుంచి సేన్ల ఉంటవ్."

ఆయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే. నా చదువు ఉండేదీ ఊడేదీ ఇక ఆ మోటారు మీదే.

సారు ఆయనకు స్టూలు వేసి టీ తెప్పించాడు. నాయన టీ వాసన చూసి తాగాడు. నేను చుట్టబోయే కొత్త తీగను గోటితో గీకి చూశాడు. పాత తీగ పీకేశాక సారు దాన్ని సంచిలో వేసి, "ఈ రాగి మీదేనండి, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు. నాయన ముఖం మాడిపోయింది.

"దుకాణపోడు పాత రాగి ఎన్నడన్న ఇచ్చిండా?" అన్నాడు నా చెవిలో. "రాగే ఇడిసిపెడుతున్నడంటే, ఇంతకన్న పెద్దదేదో కొడుతున్నడు."

తీగ చుట్టాను, తెల్ల నూలుదారంతో గట్టిగా కట్టాను, వార్నిషు పోశాను. అది ఆరేదాకా నాయన కాలేజీ వరండాలోనే పడుకున్నాడు. మర్నాడు కరెంటు ఇస్తే మోటారు సాఫీగా తిరిగింది. అబ్బాయిలు చప్పట్లు కొట్టారు. నాయన మాత్రం చెవి దగ్గర పెట్టి విని, రిక్షా ఎక్కించుకుని పోయాడు.

వారం తిరగకుండానే మోటారుతో సహా వచ్చి నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచాడు. నన్నూ సారునూ పిలిపించారు.

"కాలిపాయె. రాగి మార్చిన్రు" అన్నాడు నాయన.

"నీ కండ్ల ముందలనే గద చుట్టిన!"

"నడుమ ఒక్కపారి మంచినీళ్లకు పోయిన. గప్పుడే మార్చిన్రు. సంచి సదురుకో బిడ్డా."

ప్రిన్సిపాల్ సారు వైపు అదోలా చూశాడు. సారు గొంతు పెంచలేదు. "విప్పి చూద్దామండి" అన్నాడు. ఆయన చెయ్యి వేయబోతే నాయన అడ్డుపడ్డాడు. "నా బిడ్డ ఇప్పుతది."

మోటారును మా పనిగదికి తెచ్చి అందరి ముందూ విప్పాను. ఒకచోట కట్టు నల్ల దారంతో ఉంది. మిగతా అంతా నేను కట్టిన తెల్ల దారమే. నల్ల దారం కింద తీగల మీద బ్లేడు గీతలు, పక్కపక్కనే రాగి బయటపడి ఉంది. కాలింది సరిగ్గా అక్కడే. తీగ మీది పూత పోయి ఒకదానికొకటి తగిలితే కాలుతుందని మా క్లాసులో అందరికీ తెలుసు. ఎవరో గీకారు. నిజం చెప్పాలంటే మొదట సారు వైపే చూశాను, గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది కదా. తర్వాత నాయన వైపు చూశాను. అందరి చేతుల మీదా కన్ను వేసే మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాయినా, దీన్ని ఎవలు ఇప్పిన్రు?"

"పోయేటప్పుడు దుకాణం కాడ ఆగిన. ఊకె సూడమన్న. రాగా కాదా అని మిస్త్రీ జర గీకి సూసిండు."

"ఏమన్నడు?"

"రాగే అన్నడు."

ప్రిన్సిపాల్ దగ్గాడు. నాయన నా దగ్గరికి జరిగాడు. "అనుమానం మీ సారు మీదనే, నీ మీద కాదు బిడ్డా."

"చుట్టింది సారు కాదు. నేను."

కోపమూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. రోజూ నా చేతి అన్నం తినే మనిషి నా చేతి పనిని బ్లేడుతో గీకించాడు. సారు మాత్రం ఒక్క మాట కూడా అనకుండా కొత్త తీగ చుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. అంత ఊరుకోవడం మంచితనమో మరొకటో నాకు ఇప్పటికీ తెలియదు.

"బయట కూసో నాయినా" అన్నాను.

నాయన బయటికి పోయాడు. నేను తలుపు గడియ పెట్టి పని మొదలుపెట్టాను.

మర్నాడు మోటారు రిక్షా ఎక్కింది. నాయన దాని పక్కన నడిచాడు. నేను వెనక నడిచాను.

"కాలేజి లేదా?"

"ఉన్నది."

దుకాణం ముందుకు రాగానే మిస్త్రీ కేకేశాడు, "ఏం పటేలా, ఇంకోపారి సూద్దమా?" రిక్షా నెమ్మదించింది. నేను వచ్చి నాయనకూ దుకాణానికీ మధ్య నిలబడ్డాను. నాయన నా ముఖంలోకి చూశాడు.

"నడువ్" అన్నాడు రిక్షావాడితో.

బస్టాండులో మోటారు బస్సు మీదికి ఎక్కించాక అడిగాడు, "ఏడిదాక వస్తవ్?"

"బాయి కాడి దాక. నువ్వు స్విచ్చి ఏసి, నీళ్లు సాలు చివరికి పారేదాక."

బస్సు కదిలాక మెల్లగా, "మల్ల రేపు పొద్దుగాల కాలేజికి బస్సు దొరుకుతదా నీకు?" అని అడిగాడు.

ఆ మాటలో ఏదైనా మెలిక ఉందేమోనని ఊరు చేరేదాకా వెతికాను. దొరకలేదు.