చెరుకు మోపుకు రెండు కట్లు

నేను బీయే పాసయిన! మూడోసారికి ఇంగ్లీషు గూడ దాటిన. సంతకం వెట్టేటోడే లేని మా ఇంట్ల గ్రాడ్యుయేటుని అయిన!

పేపర్ల ఫలితం సూడంగనే, పరీక్ష ముందటి రోజు బోధన్ బస్సుల నా పక్కన కూసున్న నెరిసిన తలకాయ మనిషి యాదికొచ్చిండు. ఆయన చేతిల ఇంగ్లీషు పుస్తకం సూసి, "సార్, రేపే నా పరీక్ష, జర చెప్పుండ్రి" అన్న. ఆయన చెప్పుకుంట పోయిండు, నేను రాసుకుంట పోయిన. నేనైనా నువ్వైనా వాడైనా ఒక్కటే 'ఇస్' అంటడు. నా తల తిరిగింది.

"గిట్ల రాస్తే నన్ను మల్ల ఫెయిల్ జేస్తరు సార్!"

ఆయన నవ్విండు. "ఇది ఇంగ్లీషు కాదు తమ్ముడూ, ఆఫ్రికాన్స్, దక్షిణాఫ్రికా భాష. ఇంగ్లీషు వచ్చినవాళ్లు దాన్ని నేర్చుకునే పుస్తకం. మా తాత చెరుకు పనికి ఓడెక్కి అక్కడి నాటాల్ వెళ్లాడు, మేమూ అక్కడే ఉంటాం. ఈ భాషలో పరీక్ష పాసైతేనే అక్కడ నాకు గుమాస్తా పని."

"మరి వర్బు సగం ముందట, సగం ఆఖర్ల ఎందుకుంది?"

ఆయన రెండు చేతులు ఎడంగ వెట్టి చూపిండు. "చెరుకు మోపుకు రెండు కట్లు వేస్తారు కదా? మిగతాదంతా మధ్యలోనే. నాకూ ఇంకా అయోమయమే."

అని మల్ల గట్టిగ సదువుడు షురూ జేసిండు. ఎనుక సీటు ముసలవ్వ, "ఏంది బిడ్డా, మంత్రాలా?" అంటే బస్సంత నవ్వింది. ఆయన ఆపలే. నేను గూడ నా పాఠం గట్టిగనే సదివిన. ఆయన పేరు అడగలే. పాసయిండో లేదో తెల్వది.

పోస్టాఫీసు మూయకముందే ఆడికెళ్లి ఫోన్ చెయ్యాల్సినోళ్లు ఇంకా ఉన్నరు: నందిపేట్ మిల్లు సేటు (ఆయన మా బాపును ఫోన్ కాడికి పిలుస్తడు), బోధన్ల మామ ఆఫీసు, రెండుసార్లు నాతోనే ఫెయిలయిన దోస్తు. వాని హాల్ టికెట్ నంబరు ఈసారి గూడ పేపర్ల లేదు.