రెండు బండ్లు తక్కువైన బొమ్మ

1964లో నేను బోధన్ దగ్గర ఒక చెరుకు కాంటాలో గుమాస్తాను. వచ్చిన బండిని వరుస తప్పకుండా రిజిస్టరులో ఎక్కించి, బరువు రాయడం నా పని. అంకె లేని మాటను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

మా బామ్మర్ది నిజామాబాదులో డ్రాయింగు మాస్టారు. సెలవు పెట్టి వచ్చి, మూడు రోజులు నా కాంటా గదిలో కూర్చుని, బయట బారులు తీరిన ఎడ్లబండ్లను చూశాడు. నాలుగో రోజు పొద్దున ఒక ప్లైవుడ్ పలక మీద బొమ్మ వేశాడు. అందులో ఎద్దు లేదు, చక్రం లేదు, మనిషి లేడు. నిలువుగా రంగు గీతలు, వాటిపైన ఫ్యాక్టరీ పొగలాంటి బూడిదరంగు పట్టీ. అంతే.

దాన్ని ఆ సాయంత్రం రైల్లోనే హైదరాబాదు ప్రదర్శనకు పంపాలి. అంతకుముందు రెండేళ్లూ అతని బొమ్మలు తిరిగి వచ్చాయి. అందుకని ఈసారి ఒట్టు పెట్టుకున్నాడు: అదేమిటో ఇక్కడివాళ్లలో ఒక్కరైనా పోల్చుకోవాలి, లేకుంటే పలకకు సున్నం కొట్టి బడి నోటీసులకు వాడేస్తాడు.

మొదట నన్ను అడిగాడు. టేపుతో కొలిచాను. ప్రదర్శనకు పంపే ఫారంలో పొడవు మూడడుగులని రాశాడు గాని, అర అంగుళం తక్కువ. గీతలు లెక్కపెట్టాను, రిజిస్టరు తెరిచాను.

"నిన్న నలభై మూడు బండ్లు వచ్చినయ్. గీతలు నలభై ఒకటే."

"అవి బండ్లు గావు బావా. ఎదురుచూసుడు."

"దాన్ని ఏ కాంటా మీద తూచాలె?"

అతను గోడలకని తెచ్చిన సున్నం బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు.

అంతలో నవీపేట రైతు ఒకాయన నిన్నటి తూకం చీటీ కోసం లోపలికి వచ్చి, బొమ్మ ముందు ఆగిపోయాడు.

"గిది మన లైనే గదా సారు. నిన్న గిండ్లనే నిలబడ్డ. గీ ఎర్రది నా బండి." వేలు ఒక గీత ముందుకు జరిగింది; ముఖం మారింది. "గీ పచ్చదెవనిది? నా ముందలికి ఎట్లొచ్చింది? నాది పదిహేడో టోకెన్."

లెక్కపెట్టాను. ఎర్రది పద్దెనిమిదో గీత. రిజిస్టరు ప్రకారం రైతు మాటే నిజం. ఆ సంగతే చెప్పాను.

"సరిజెయ్యి సారు," అన్నాడు రైతు, మా బామ్మర్దితో. "పట్నంల అందరు సూస్తరు."

నా మాటకు ఒక్క చుక్కయినా మార్చనివాడు, బుద్ధిగా పచ్చగీతకు ముందు ఇంకో ఎర్రగీత గీశాడు.

"మరి గా ఎనుకటి ఎర్రది?"

"గది నీ ఎనుకొచ్చినోనిది పెద్దాయనా."

రైతు చీటీ తీసుకుని తృప్తిగా వెళ్లాడు. సున్నం బకెట్టు గోడ దగ్గరికి పోయింది. బామ్మర్ది బొమ్మను దుప్పటిలో చుడుతుంటే ఫారంలో అర అంగుళం దిద్ది, "ఇప్పుడు నలభై రెండు. ఇంకొకటి తక్కువుంది," అన్నాను.

"గదింక తొవ్వల ఉంది బావా," అని స్టేషనుకు పరుగెత్తాడు.

నేను రిజిస్టరు మళ్లీ చూశాను. నలభై మూడో బండి, ముందురోజు అతను గదిలోంచి లేచి వెళ్లేసరికి ఇంకా దారిలోనే ఉంది; దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ఆ సంగతి అతనికి ఇంతవరకు చెప్పలేదు.