అత్త రొంటిన మడత చాకు

మా మేనత్త పోయిన సంగతి మామయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక రేపల్లెలో చర్చి మెట్లు దిగుతూ కూలబడిపోయిందట. తెనాలి తీసుకొచ్చేలోపే ప్రాణం పోయింది. నేను ఆస్పత్రికి చేరేసరికి నర్సు ఆవిడ వస్తువులు ఒక కవరులో వేసి మామయ్యకిస్తోంది. గొలుసు, వాచీ, కళ్ళజోడు. చివర్లో ఒక చిన్న మడత చాకు తీసి, "ఇది కూడా ఆవిడ నడుం దగ్గరే ఉందండి" అంది, కాస్త తటపటాయిస్తూ. చర్చికి వెళ్ళినావిడ దగ్గర చాకేంటని ఆ పిల్ల అనుమానం. మామయ్య ఏడుస్తూనే నవ్వాడు. "అది లేకపోతే ఆవిడే కాదమ్మా" అన్నాడు.

మా అత్త రేపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మెడలో ఈల, రొంటిన చాకు. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి ఆటస్థలం మధ్య నిలబడి ఈల వేసిందంటే రోడ్డు మీద పోయే రిక్షాలు కూడా ఆగి చూసేవి. చాకు అనగానే చాలామందికి రౌడీలు గుర్తొస్తారు. మా అత్తని ఎరిగినవాళ్ళకి జామకాయలు, నెట్టు తాళ్ళు, దెబ్బలకి కట్టే గుడ్డపీలికలు గుర్తొస్తాయి. నాకు నా ఊపిరి గుర్తొస్తుంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలానంటే ఆ చాకు చలవే. ఆ సంగతికి వస్తాను. అయితే అంత మంచి చాకు ఆవిడ దగ్గరికి ఊరికే వచ్చి చేరలేదు. అది ముందు చెప్పాలి.

మొదటి చాకు బాపట్లలో కొంది. ఆటల పోటీలకని పిల్లల్ని తీసుకెళ్తే, వాళ్ళు మారాం చేసి ఆవిణ్ణి సూర్యలంక సముద్రానికి లాక్కుపోయారట. అక్కడ గవ్వల దండలు అమ్మే బల్ల మీద కనిపించింది. ఎర్ర పిడి, అందులో మడిచిపెట్టిన కత్తి, కత్తెర, చెంచా, సీసా మూతలు తీసేది, ఇంకా ఎందుకో అమ్మేవాడికే తెలియని కొక్కెం ఒకటి. ముచ్చటపడి కొనేసింది. ఇంటికొచ్చి సపోటా కోస్తుంటే కత్తి దానంతటది మడతపడి చూపుడువేలు చీరేసింది. కుట్లు పడ్డాయి. ఆ మచ్చ మాకు చూపించి, "పెళ్ళివారి సామానంతా ఉందే దాంట్లో. నిలబడి పనిచేసే కత్తొక్కటే లేదు" అనేది.

ఆ తర్వాత ఆవిడ తొందరపడలేదు. కనిపించిన ప్రతి కొట్లోనూ చూస్తూ, వద్దనుకుంటూ, చివరికి తెనాలి బజార్లో ఒక ఇనప సామాన్ల కొట్లో పట్టింది. దానికి ఒకటే కత్తి. మూస్తే గుప్పిట్లో దాగిపోతుంది. తెరిస్తే టక్కుమని లాకు పడుతుంది, ఆ లాకు నొక్కితే తప్ప మూసుకోదు. చెమట చేతికి కూడా జారకుండా పిడి మీద గరుకు గీతలు. కత్తి మొదట్లో చిన్న బొడిపె, దాన్ని బొటనవేలితో తోస్తే ఒక్క చేత్తో తెరుచుకుంటుంది. ఒక్క చేత్తో తెరవడం ఎందుకంత ముఖ్యమని నేనడిగితే, "రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు కత్తితో పనేం పడుద్దే? ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో పట్టుకునే ఉంటది" అంది. ఆ మాట అప్పట్లో నాకు పెద్దగా ఎక్కలేదు.

చీరకి జేబుండదు కాబట్టి చాకు ఎంత ఉండాలో రొంటే తేల్చాలనేది ఆవిడ. బెంచీ మీద కూర్చుంటే గుచ్చుకోకూడదు, పిల్లలతో పరిగెత్తితే జారిపోకూడదు, ఉన్నట్టే తెలియకూడదు. వారానికోసారి సానరాయి మీద నూరి, పండిన టమాటా తొక్క మీద బరువు పెట్టకుండా లాగి చూసేది. మడత దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె. "మొద్దు చాకుతోనే వేళ్ళు తెగేది. పదును లేకపోతే బలం పెడతాం, బలం పెడితే జారుద్ది" అనేది. వంటింట్లో మా అమ్మ కత్తిపీట మొద్దుబారిందని ఆ మాట అన్నప్పుడు మాత్రం, అమ్మ ఆ పీట ఆవిడ ముందుకే తోసి లేచిపోయింది.

ఒకసారి ఎవరో పిల్ల తల్లి బళ్ళో ఫిర్యాదు చేసింది. హెడ్మిస్ట్రెస్ గారు పిలిపించి, "ఆడపిల్లల స్కూల్లో కత్తేంటండీ టీచరుగారూ? రేపు ఏ పిల్ల చేతికైనా చిక్కితే?" అన్నారట. న్యాయమైన ప్రశ్నే. అత్త వాదనకి దిగలేదు. "కొన్నాళ్ళు చూడండి మేడమ్. మీకు భయం తీరకపోతే నేనే తెచ్చి మీ బీరువాలో పెడతాను" అంది. ఆవిడ చాకుని పిల్లల చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు, తెరిచి ఎక్కడా వదల్లేదు. పని కాగానే మూసి రొంటిన దోపడం, ఆ తర్వాతే మాట. కొన్నాళ్ళకి హెడ్మిస్ట్రెస్ గారి గదిలోంచే కబుర్లు మొదలయ్యాయి. పుస్తకాల కట్టలొచ్చాయి, టీచరుగారిని రమ్మనండి. జెండా తాడు చిక్కుపడింది, టీచరుగారు ఏరి? బీరువా ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక పెనుమూడి సంగతి. అక్కడ కృష్ణ మీద వంతెన తెరిచిన కొత్తలో, చూసొద్దాం రమ్మని అత్త నన్ను మోపెడ్ మీద ఎక్కించుకుంది. నాకప్పుడే తెనాలిలో ఉద్యోగం వచ్చింది. కొత్త చుడీదారు, పొడుగాటి చున్నీ. "చున్నీ ముడేసుకోవే" అని అత్త బయల్దేరేముందే చెప్పింది, నేను వేసుకున్నాను కూడా. అరటితోటల మధ్య ఎదురుగాలికి ఆ ముడి ఎప్పుడు ఊడిందో తెలియదు. ఒక్క కుదుపు. మెడ వెనక్కి విరిగినట్టయింది. చున్నీ కొస వెనక చక్రంలో చుట్టుకుపోయింది. అత్త బ్రేకు వెయ్యగానే బండితోపాటు ఇద్దరం పక్కకి పడ్డాం. నా తల చక్రం దగ్గర ఉంది. గొంతు బిగిసిపోయింది. అరుద్దామంటే గాలి లేదు. కళ్ళముందు అరటాకులు నల్లబడిపోవడం ఇప్పటికీ గుర్తుంది.

అత్త ఎడమచేతి వేళ్ళు నా మెడకీ గుడ్డకీ మధ్య జొనిపింది. ఆ వేళ్ళు తీస్తే నేను పోతాను. కుడిచెయ్యి రొంటికి పోయింది. టక్కుమన్న చప్పుడు విన్నాను. పదును నా మెడవైపు కాకుండా బయటికి తిప్పి ఒక్క లాగు లాగింది. చున్నీ తెగింది. గాలి లోపలికొచ్చింది. దగ్గుతూ కళ్ళు తెరిచేసరికి ఆవిడ చాకు మూస్తోంది. మూసి, రొంటిన దోపి, అప్పుడు రోడ్డు మీదే చతికిలబడి నా తల ఒళ్ళో పెట్టుకుని బావురుమంది. అంతకుముందు ఆవిడ ఏడవగా నేను చూడలేదు. సైకిలు మీద పోతున్న రైతొకాయన దిగి నీళ్ళసీసా అందించి, "దేవుడు చల్లగా చూశాడు తల్లీ" అన్నాడు. "చూశాడు బాబూ. నిన్ననే నాచేత చాకు నూరించాడు కూడా" అంది అత్త, ముక్కు చీదుకుంటూ.

నా మెడ మీద కమిలిన గీత పోకముందే, నాకూ ఒక చాకు కొనాలని తెనాలి వచ్చి నన్ను ఆ ఇనప సామాన్ల కొట్టుకి లాక్కెళ్ళింది. కొట్టాయన ఉన్న చాకులన్నీ బల్ల మీద పరిచాడు. ఒకటి తెరిచి, కత్తిని పక్కలకి కదిపి చూసింది. "ఊగుతోంది బాబూ, తీసెయ్." ఇంకోటి తెరిచి దాని వెన్ను బల్లకేసి తట్టింది. లాకు వదిలేసింది. అదీ పక్కకి పోయింది. తళతళలాడే పెద్దదొకటి ఆయన ముందుకి తోస్తే చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇది చూపించుకోడానికి. మా పిల్ల మోయలేక నాలుగు రోజులకి ఇంట్లో పడేసిద్ది. ఇంట్లో ఉన్న చాకు రోడ్డు మీద పనికొస్తదా?" అంది. కొట్టాయన విసిగిపోయాడు.

"చాకు కొంటున్నారా, అల్లుణ్ణి ఎంచుతున్నారా అమ్మగారూ?"

"అల్లుడు కాస్త వదులైతే సర్దుకోవచ్చయ్యా. చాకు వదులైతే వేలు తెగుద్ది" అంది అత్త.

చివరికి దొరికింది చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. బూడిదరంగు పిడి, పొట్టి కత్తి. బొటనవేలు ఎర్రబడేదాకా నాచేత కొట్లోనే తెరిపించి మూయించింది. బయటికొచ్చాక సోడా తాగుతూ, "ఇది ఎవర్నీ బెదిరించడానిక్కాదు, తెలిసిందా? ఎవడన్నా వెంటబడితే చాకు తియ్యకు. గట్టిగా అరువు, పరిగెత్తు. పరిగెత్తడం నేర్పించాగా" అంది. ఇంత చిన్న వస్తువు గురించి ఇంత ఆలోచించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆలోచనంతా పక్కనున్నవాళ్ళ కోసమే. తన గోళ్ళు తీసుకోడానికి కూడా ఆ చాకు వాడగా నేనెరగను. ఆవిడకి మేనకోడలిగా పుట్టడం నా అదృష్టమని ఆవిడ ఉన్నప్పుడు అననేలేదు. మా ఇంట్లో అలాంటి మాటలు అనుకునే అలవాటు లేదు. ఇప్పుడంటున్నాను.

సోమవారం మధ్యాహ్నం రేపల్లె సమాధుల తోటకి బడి పిల్లలు యూనిఫారాల్లో వచ్చారు. అత్త తయారుచేసిన కబడ్డీ జట్టు ముందు నిలబడింది. వాళ్ళు తెచ్చిన చామంతి దండల కట్టని పూలకొట్టువాడు ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టాడు. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించి పూలు వెయ్యమన్నారు. ముడి రాలేదు. ఒక పిల్ల గోళ్ళతో లాగింది, ఇంకో పిల్ల పళ్ళతో కొరికింది. వెనక నుంచి ఎవరో, "మేడమ్ దగ్గర చాకుంటది, అడగండే" అంది. అలవాటుగా అనేసింది పాపం. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ పిల్లలందరూ ఒక్కసారి అత్త ఉన్న పెట్టె వైపు చూశారు.

నేను హ్యాండుబ్యాగులోంచి నా చాకు తీశాను. కబడ్డీ జట్టు కెప్టెను కట్టని నా ముందుకి చాపి పట్టుకుంది. తాడు తెగింది, దండలు విడిపోయాయి. నేను మూసి లోపల పెట్టుకునేదాకా ఆ పిల్ల నా చేతినే చూస్తూ నిలబడింది. తర్వాత, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"అక్కా, మీరింక రేపల్లెలోనే ఉంటారా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల ఒక దండ తీసి నాకిచ్చి, ఒకటి తను తీసుకుని, అత్త పాదాల వైపు వెళ్ళి నిలబడింది.