గోడల సాంబయ్య మోచేతి గడ్డ

బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో ఉత్త సాంబయ్య అంటే ఎవరికీ తెలియదు. గోడల సాంబయ్య అనాల్సిందే. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు చొప్పదండి నుంచి తాపీ చేతబట్టుకుని వచ్చాడు. "ఇండ్లు కడదామని వస్తే నన్ను పాతాళంల దింపిన్రు" అని పదిహేనేళ్లు తిట్టుకుంటూనే అక్కడే పాతుకుపోయాడు.

భూమి లోపల బొగ్గు కొన్నిచోట్ల దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. దగ్గరికి పోయి నీళ్లు చల్లి ఆర్పుదామంటే కుదిరే పని కాదు. అందుకని అటు వెళ్లే దారులన్నిటికీ గోడ కట్టి, బంకమట్టి మెత్తి మూసేస్తారు. లోపల గాలి అయిపోతే నిప్పు చస్తుంది. ఆ గోడ కట్టేవాడు సాంబయ్య. ఒంటినిండా చెమట, ముక్కునిండా పొగ, నోటినిండా బూతులు. పని అయ్యాక గోడ మీద ఒక్క ఉమ్ము ఉమ్మి, "ఇగ యముడొచ్చి ఊదినా దీంట్లకు గాలి జొరబడది" అనేవాడు. మేనేజరు పక్కనున్నా ఉమ్మేవాడు.

అలాంటి మనిషికి పంతొమ్మిదివందల అరవైమూడు ఎండాకాలంలో కుడి మోచేతి కింద గడ్డ లేచింది. మొదట రేగుపండంత, వానలు పడేసరికి నిమ్మకాయంత. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని రోగమంటే సాంబయ్య ఒప్పుకోడు.

భార్య సక్కుబాయి ఆసిఫాబాద్ అవతలి మనిషి. కోపమొస్తే మరాఠీలో తిట్టేది, మరీ కోపమొస్తే అసలు మాట్లాడేది కాదు. కొండగట్టు పోయి మొక్కుకుందాం రమ్మంది.

"ఆంజనేయులు కొండ మోసే అలిసిపోయిండు. నా గడ్డ గూడ ఆయన నెత్తిన ఎందుకే?"

"దవాఖానకన్న నడువ్ మరి."

"దవాఖానకు పోతే చెయ్యి కోస్తరు. రేపటిసంది గోడ నువ్వు కడ్తవా?"

అదీ అసలు భయం. కుడిచేయి పోతే అతను మళ్లీ ఉత్త సాంబయ్యే. ఆ భయాన్ని భయమని చెప్పుకోలేక ఉపాయం కనిపెట్టాడు. గడ్డంటే ఏమిటి? లోపల రగులుతున్న నిప్పు. నిప్పుకు ఏం చేస్తాం? గాలి ఆపుతాం. ఒంట్లో గాలిని మోసేది నెత్తురని ఒకసారి ఫస్ట్ ఎయిడ్ క్లాసులో చెప్పారు. ఆ క్లాసు మొత్తంలో అతను మేలుకుని విన్నది ఆ ఒక్క ముక్కే. గడ్డకు పైనొకటి, కిందొకటి పట్టీ బిగిస్తే నెత్తురు అందక చచ్చి ఊరుకుంటుంది! ఇంత తెలివిగలవాణ్ని మేనేజరు చేయకుండా మేస్త్రిగా ఎందుకు ఉంచారో అతనికి అర్థం కాలేదు.

ఒకటే చిక్కు. ఎడమచేత్తో కుడిచేతికి ముడి బిగియదు. డ్యూటీ దిగి రాగానే సక్కుబాయే కట్టాలి. వద్దు వద్దంటూనే కట్టేది.

"ఇంకింత గుంజు. అన్నం తినలేదానే?"

ఆమె పళ్లు కరుచుకుని గుంజేది. రెండు గంటలు అట్లాగే ఉంచితే వేళ్లు నీలబడేవి. "చూసినవా, పని జేస్తుంది" అని అతను సంబరపడేవాడు.

మూడు నెలలు కట్టారు. గడ్డ చావలేదు సరికదా రాయిలా బిగిసింది. దసరా వెళ్లాక చంకలో ఇంకొకటి తగిలింది. ఈసారి సక్కుబాయి బతిమాలలేదు. అంగీ తెచ్చి అతని మొహాన కొట్టి, "చల్" అంది.

మిషన్ దవాఖానలో డాక్టర్ అబ్రహాం అని ఉండేవాడు. పొద్దున్నే ప్రార్థనతో మొదలుపెట్టి పొద్దుగూకేసరికి రోగులందర్నీ తిట్టి ఇంటికి పోయే పొట్టి మనిషి. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పట్నం పంపాడు. పదిహేను రోజులకు మళ్లీ పిలిచి, క్యాన్సర్ అని చెప్పాడు. చేతిమీది పట్టీ చారలు చూపించి అడిగాడు.

"గీ వైద్యం ఎవడు చెప్పిండు నీకు?"

"ఎవ్వడు చెప్పలే సాబ్. నా సొంత తెలివి."

"గందుకే గిట్లున్నది."

సాంబయ్య రోషంగా గోడల సంగతంతా చెప్పుకొచ్చాడు. గాలి ఆపితే చావాలి కదా, ఎందుకు చావలేదు?

"విను. గడ్డ ఆగమాగం పెరుగుతది. నెత్తురు నాళాలు గంత తొందరగ పెరగయి. నువ్వు కట్టకముందే దాని నడుమ ఆక్సిజన్ అందుతలేదు. నువ్వు కట్టి ఇంకింత తక్కువ జేసినవు. కొన్ని కణాలు చస్తయి, నిజమే. చావనియి ఉంటయి చూడు, గవి గాలి లేకుంట బతుకుడు నేర్చుకుంటయి. మొండిముండలు. కరెంటు పెట్టినా, అదే రేడియేషన్ ఇచ్చినా, గవి ఒక పట్టాన చావయని పుస్తకాలల్ల రాసిన్రు. ఉన్నకాడ ఉండలేక వేరే జాగకు పాకేటియి గూడ గవేనని నా అనుమానం. అనుమానమే, ఇంకా ఎవ్వరూ ఖాయం జెయ్యలే." అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు కట్టిన గోడలన్నీ నిప్పును చంపినయా?"

సాంబయ్యకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఐదేళ్ల కిందట మూడడుగుల మందాన గోడ కట్టాడు. నాలుగు నెలలకు నిప్పు బొగ్గు పగుళ్లు పట్టుకుని పక్క దారిలో తేలింది. అప్పట్నుంచీ అది తన తప్పు కాదని కనిపించిన ప్రతివాడితో కొట్లాడుతూనే ఉన్నాడు.

"గోడ నిలబడ్డది సాబ్," అన్నాడు చివరికి. "నిప్పే పక్కకు పోయింది."

"గదే నేను చెప్పేది. చెయ్యి తీసెయ్యాలె."

గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్న సక్కుబాయి అంతా విన్నది. ఒక్క మాట అడగలేదు.

పట్నంలో భుజం దాకా తీసేశారు. సాంబయ్యకు బాయి మీద, లోపలికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో పని దొరికింది. ఎడమచేత్తో దీపం ఇస్తూ, "కుడిచెయ్యి సెలవు మీదున్నది" అని అందర్నీ నవ్వించేవాడు. ఇంట్లో మాత్రం సక్కుబాయి తిట్టడం మానేసింది. సగం తిని లేచిపోయేది. పోయిన చేతికోసం దిగులు పడుతోందనుకున్నాడు సాంబయ్య. చేయి తనదైతే ఈమెకెందుకు ఇంత దిగులని విసుక్కున్నాడు కూడా.

ఏడాది తిరిగాక అబ్రహాం ఛాతీ ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఈసారి తిట్టలేదు. ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలున్నాయి.

"నేను గుంజి కట్టినందుకేనా సాబ్?" అంది సక్కుబాయి.

అబద్ధం అలవాటు లేని డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఎట్ల చెప్పాలె బిడ్డా. కట్టకున్నా పాకేదేమో."

ఆ 'ఏమో' దగ్గర సక్కుబాయి మొహం చూశాడు సాంబయ్య. ఏడాదిగా ఆమె ఎందుకు తినలేదో అప్పుడు తెలిసింది. ఒళ్లు మండిపోయింది అతనికి, తన మీద తనకే.

"ఏందే నువ్వడిగేది? గోడ పగిలితే మాలు కలిపి అందిచ్చిన కూలిదాన్ని అడుగుతరానే ఎవరన్న? కట్టుమన్నది నేను. గోడ నాది, పగులు నాది. దాంట్ల నీకు వాటా ఎవడిచ్చిండే?"

సక్కుబాయి గొల్లుమంది. లోపలున్న నర్సు మగ్దలేనమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఎంతసేపటికో కొంగుతో ముక్కు తుడుచుకుని సక్కుబాయి మొగుడి మీద విరుచుకుపడింది.

"గీ ఒక్క మాట అననీకె ఏడాది పట్టిందా నీ నోటికి? బూతులైతే దినాం వస్తయి!"

"నువ్వు అడగలే గదనే."

"అడగనీకె భయమైంది," అంది సక్కుబాయి. "అవునంటవేమోనని."